పేదరాశి పెద్దమ్మ అడిగిన రూపీలు

గుహలోకి వెళ్తే రెండు మంటల మధ్య ఒక ముసలమ్మ నిలబడి ఉంటుంది. ఆమె ముందు మూడు ధరలు. ఎంత ఇస్తావో నువ్వే తేల్చుకోవాలి. తక్కువ ఇస్తే ఈ మాత్రానికి నోరు విప్పనంటుంది. సరిపడా ఇస్తే అడవిలో ఏ వరుసలో తిరగాలో చెప్తుంది. అలాంటిదే ఇంకో గుహలో, గొప్పకు పోయి అన్నిటికంటే ఎక్కువ ధర ఇచ్చామనుకోండి, నీ దగ్గర బాగా డబ్బుందే అని మెచ్చుకుని ఊరుకుంటుంది. దారి మాత్రం చెప్పదు. ఇచ్చిన డబ్బు వెనక్కి రాదు. ఆ లోకంలో డబ్బు పేరు రూపీ.

ఇది ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా’ అనే వీడియో గేమ్. నింటెండో కంపెనీ 1986 ఫిబ్రవరిలో జపాన్‌లో, 1987లో అమెరికాలో విడుదల చేసింది. షిగెరు మియామోతో, తకాషి తెజుకా రూపొందించారు. కోజి కోండో సంగీతం. హైరూల్ అనే రాజ్యం, అక్కడి రాకుమారి జెల్డా, ఆమెను ఎత్తుకుపోయిన గానన్, విడిపించడానికి బయల్దేరిన లింక్ అనే కుర్రాడు. కథ ఇంతే. ఎనిమిది నేలమాళిగల్లో దాచిన ఎనిమిది ముక్కలు వెతికి కలిపితే తొమ్మిదో దాంట్లోకి దారి దొరుకుతుంది.

ఈ కథ మనకు కొత్తేం కాదు. ఏడు సముద్రాల అవతల మర్రిచెట్టు తొర్రలో చిలక, ఆ చిలకలో మాంత్రికుడి ప్రాణం అని విన్నవాళ్లకి గానన్ పాత చుట్టమే. నన్ను ఆపింది మాత్రం ఆ ముసలమ్మ. మన జానపద కథల్లో రాకుమారుడు ఏ కొత్త ఊరికి వెళ్లినా ముందు పేదరాశి పెద్దమ్మ ఇంటికే వెళ్తాడు. ఆమె పూటకూళ్లు వండి పెడుతుంది, ఊళ్లో సంగతులన్నీ చెప్తుంది. రాజుగారమ్మాయికి ఏమైందో, కోట వెనక తోటలోకి ఎవరు పోతారో ఆమెకు తెలుసు. అయితే రాక్షసుణ్ణి ఎలా చంపాలో ఎప్పుడూ పూర్తిగా చెప్పదు. జాడ చెప్తుంది, మిగతాది రాకుమారుడు చూసుకోవాలి. జాడకీ జవాబుకీ మధ్య ఉన్న ఈ కాస్త ఎడంలోనే కథంతా నడుస్తుంది. జెల్డా కూడా ఆ ఎడంలోనే నడిచే ఆట అని నా అభిప్రాయం. ఇవాళ దాన్ని ఆడే పద్ధతిలో ఆ ఎడం మూసుకుపోయిందని కూడా.

ముందు ఆట సంగతి. మొదలవగానే లింక్ ఒక మైదానంలో నిలబడి ఉంటాడు. చేతిలో కత్తి లేదు. ఎటు వెళ్లాలో ఎవరూ చెప్పరు. పక్కనే నల్లటి గుహద్వారం ఉంటుంది, లోపలికెళ్తే ఒక ముసలాయన చెక్క కత్తి ఇస్తాడు. వెళ్లకపోయినా ఆట నిన్ను ఆపదు, వట్టి చేతుల్తోనే తిరగొచ్చు. పైలోకం అడ్డంగా 16, నిలువుగా 8, మొత్తం 128 తెరలు. ఒక్కో తెర అంచు దాటితే ఇంకోటి. నాకైతే కాశీమజిలీ కథలు గుర్తొస్తాయి. మణిసిద్ధుడితో నడిచే గోపడు ప్రతి మజిలీలోనూ ఒక వింత చూసి ఇదేంటని అడుగుతాడు, ఆ ప్రశ్న నుంచి కథ పుడుతుంది. ఇక్కడా ప్రతి తెరలో ఒక వింత ఉంటుంది. ఈ చెరువులో దేవకన్య ఎందుకు లేదు? ఈ రాయి మిగతా రాళ్లకి దూరంగా ఎందుకుంది? అడగడానికి గోపడు ఉన్నాడు. మణిసిద్ధుడే లేడు.

ఆ మణిసిద్ధుడు తెర బయట ఉండాలన్నది మియామోతో లెక్క. ఆడేవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలని, తెలిసింది పంచుకోవాలని తాను కోరుకున్నట్టు ఆయనే తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పాడు. చిన్నప్పుడు క్యోటో దగ్గర సోనోబెలో కొండల్లో తిరుగుతూ ఒక గుహ కనిపిస్తే దీపం పట్టుకుని లోపలికి వెళ్లిన జ్ఞాపకం ఈ ఆటకు మూలమనీ చెప్పాడు. జపాన్‌లో పిల్లలు బడిలో మాట్లాడుకున్నారు. అమెరికాలో ఫోన్ చేస్తే దారి చెప్పడానికి నింటెండో మనుషుల్నే పెట్టింది. అంటే జీతానికి పెట్టిన పేదరాశి పెద్దమ్మలు.

మరి మన దగ్గర? తొంభైల్లో ఆదోనిలో టీవీ గేములు గంటకింతని అద్దెకిచ్చేవాళ్లు. అంతా నకిలీ మిషన్లే. క్యాసెట్ మీద 64 గేములనో, లక్షల గేములనో అంకె ఉండేది. పెట్టి చూస్తే అవే నాలుగైదు ఆటలు నంబర్లు మార్చుకుని మళ్లీ మళ్లీ వచ్చేవి. మారియో, కాంట్రా, సర్కస్, బాతుల్ని కాల్చేది. నాకు తెలిసిన ఏ క్యాసెట్‌లోనూ జెల్డా లేదు. దానికో కారణం కనిపిస్తుంది. జెల్డా ఒక కూర్చోవడంలో అయ్యేది కాదు. ఎంతవరకు వచ్చామో దాచుకోవాలి. జపాన్‌లో డిస్కు మీద దాచుకునేవాళ్లు. అమెరికాకి వచ్చిన బంగారు రంగు క్యాసెట్ లోపల అందుకోసమే చిన్న బ్యాటరీ పెట్టారు. మన చవక క్యాసెట్లకి ఆ బ్యాటరీ ఖర్చెందుకు? పైగా అద్దె గంటకి. కరెంటు పోతే కాంట్రా మొదటి నుంచి ఆడుకోవచ్చు, జెల్డా మొదటి నుంచి ఆడమంటే ఎవడు ఆడతాడు? అలా మా తరానికి పరుగెత్తి కాల్చే ఆటలే దక్కాయి, వెతుక్కునే ఆట దక్కలేదు.

నాకది దక్కింది పోయిన వేసవిలో. మంత్రాలయంలో మా ఇంటికి సెలవులకని మా అక్క కొడుకు బెంగళూరు నుంచి స్విచ్ తెచ్చుకున్నాడు. అందులో పాత ఆటలన్నిటితో పాటు జెల్డా కూడా ఉంది. ఎక్కడ కావాలంటే అక్కడ దాచుకోవచ్చు, తప్పు చేస్తే కాలాన్ని వెనక్కి తిప్పి మళ్లీ ఆడొచ్చు. వాడు పది నిమిషాలు తిరిగి, “యాడికి పోవాలో ఎట్ల తెలుస్తాది మామా?” అని ఫోన్ తీశాడు. 128 తెరల మ్యాపు, ఏ పొద కాలిస్తే ఏముందో, ఏ గోడ పేలిస్తే ఎన్ని రూపీలో, అన్నీ ఒక్క బొమ్మలో వచ్చేశాయి. వాడిది తప్పని నేను అనను. ఆ ప్రశ్న సరైనదే. కాకపోతే దానికి ఫోన్ చెప్పింది జవాబు, వాడికి కావాల్సింది జాడ.

ఒప్పందం చేసుకున్నాం. ఫోన్ పక్కన పెట్టాలి, గళ్ల నోట్‌బుక్‌లో మ్యాపు గీసుకోవాలి. పదిహేను రోజులు పట్టింది మాకు ఏడో నేలమాళిగ దాకా రావడానికి. దాని దారి దొరకలేదు. ఒక ముసలాయన మాట మాత్రం నోట్‌బుక్‌లో ఉంది: దేవకన్యలు లేని చోట రహస్యాలుంటాయని. రెండు రోజులు ఆ మాట పట్టుకుని ఊరికే తిరిగాం. ఒక సాయంత్రం తుంగభద్ర ఒడ్డుకి వెళ్లాం. మే నెల, నీళ్లు సన్నగా పాయలై పారుతున్నాయి, బండలన్నీ బయటపడ్డాయి. ఆగస్టులో వచ్చినవాడికి ఇక్కడ ఇన్ని బండలున్నాయంటే నమ్మడు. వాడు ఉన్నట్టుండి, “చెరువు మామా. దేవకన్య లేని చెరువు ఒకటుంది గదా, దాన్ని ఎండగొడితే?” అన్నాడు. ఇంటికొచ్చి ఆ చెరువు దగ్గర పిల్లనగ్రోవి ఊదాం. నీరు ఇంకిపోయింది, నడుమ మెట్లు కనిపించాయి. వాడి కేక విని మా అక్క వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

ఆ మెట్లు మ్యాపులో చూసి వెళ్లినా అవే మెట్లు, అదే నేలమాళిగ, దొరికేది అదే ముక్క. కానీ నదిని చూసి చెరువు సంగతి తట్టడం మ్యాపులో లేదు. ఈ ఆట తన ఉత్తమ క్షణాల్లో తెర మీద నుంచి లేచి మన ఊళ్లోకి వస్తుంది. ఇంకో ఉదాహరణ: డొడోంగో అనే జంతువుకి పొగ పడదని ఒక ముసలాయన అంటాడు. కత్తి దానికి తగలదు. పొగ అంటే ఏమిటని ఆలోచించి ఆలోచించి, బాంబు దాని దారిలో పెడితే, అది మింగి చస్తుంది. జాడ అంటే అలా ఉండాలి. విన్నప్పుడు పొడుపుకథ, విప్పాక సామెత.

ఇంత మెచ్చుకుంటున్నాను గనక తప్పులు కూడా చెప్పాలి. ఎనిమిదో నేలమాళిగ దారి ఒక పొద కింద ఉంది. ఆ పొదకీ పక్క పొదలకీ పెద్ద తేడా లేదు. దాన్ని కొవ్వొత్తితో కాల్చాలి, మొదట దొరికే నీలం కొవ్వొత్తి ఒక తెరలో ఒక్కసారే వెలుగుతుంది. కాల్చి, బయటికి వెళ్లి, మళ్లీ వచ్చి, మళ్లీ కాల్చి. మా నోట్‌బుక్ ఇక్కడ ఓడిపోయింది. నేనే ఫోన్ తీశాను. పేదరాశి పెద్దమ్మ ఏమీ చెప్పకుండా నోరు మూసుకుంటే అది రహస్యం కాదు, లాటరీ. కొన్ని చోట్ల గోడ పగలగొట్టి లోపలికెళ్తే ముసలాయన తలుపు బాగుచేయడానికని 20 రూపీలు గుంజుతాడు. అది మాత్రం నాకు నచ్చింది. ఎవరి ఇంటి గోడైనా పేల్చొచ్చు అనుకునే వీరుడికి అలాంటి జరిమానా ఒకటి పడాలి.

ఊరు మారితే జాడ చెడిపోవడం ఇంకో సంగతి. పెద్ద చెవుల జంతువు ఒకటుంది, దానికి పెద్ద శబ్దం గిట్టదని అమెరికా పుస్తకంలోనూ రాశారు. జపాన్ మిషన్‌లో రెండో కంట్రోలర్‌కి మైకు ఉండేది, అందులో అరిస్తే ఆ జంతువులు చచ్చేవి. అమెరికా మిషన్‌కి మైకే లేదు. అక్కడి పిల్లలు ఎంత అరిచినా లాభం లేదు. మిషన్ మారినా జాడను మార్చలేదు.

దీన్ని రోల్‌ప్లేయింగ్ గేమ్ అనొచ్చా అనే వాదన పాతది. చంపిన కొద్దీ అనుభవం పాయింట్లు పెరిగి లెవెల్ ఎక్కడం ఇందులో లేదు. అది 1987లో వచ్చిన రెండో భాగంలో పెట్టారు. ఇక్కడ మూడు గుండెలతో మొదలై 16 దాకా పెరుగుతాయి. రెండో కత్తికి 5, మూడో కత్తికి 12 గుండెలుండాలి. రూపీలు 255 దాటవు, ఒక్క బైటులో పట్టేది అంతే. విల్లుతో బాణం వేస్తే బాణానికో రూపీ పోతుంది. లెక్కల్లో ఎదుగుదల చాలా తక్కువ. ఎదిగేది ఆడేవాడి బుర్ర. ఆట ముగిశాక రెండో యాత్ర మొదలవుతుంది, నేలమాళిగలు వేరు, వాటి దారులు చాలావరకు వేరు. ఇంతవరకు తెలిసిందాన్ని నమ్ముకుంటే మోసపోతావు, వెతికే పద్ధతి ఒక్కటే పనికొస్తుంది. పేరు దగ్గర జెల్డా అని రాస్తే నేరుగా ఆ యాత్రలోకే పోవచ్చు. రాకుమారి పేరు పెట్టుకున్న ఆటలో ఆమె చేసేది అంతా అయ్యేదాకా ఎదురుచూడ్డమే. ఆ పేరుతో ఒక తలుపు తెరుచుకోవడమొక్కటే ఆమెకు దక్కిన గౌరవం.

మంత్రాలయం వచ్చే భక్తులకి ఒక క్రమం ఉంది. ముందు మంచాలమ్మను చూడాలి, తర్వాతే రాఘవేంద్రస్వామి బృందావనం. మొదటిసారి వచ్చినవాళ్లకి అది పక్కనున్నవాళ్లెవరో చెప్తారు. నదికి అవతల, రాయచూరు జిల్లాలో ఉన్న పంచముఖి ఆంజనేయుడి గుడికి దారి కూడా అంతే, “పంచముఖి ఎల్లిదె?” అని కన్నడంలో అడుగుతారు, మేం తెలుగూ కన్నడం కలిపి చెప్తాం. ఇప్పుడు ఫోన్లో చూసుకుని ఎవర్నీ అడక్కుండా వెళ్లొచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. వాళ్లు దారి తప్పట్లేదు, అది మంచిదే. కాకపోతే మంచాలమ్మ ఎందుకు ముందు అని అడిగేవాళ్లు తగ్గారు.

జెల్డా ఆడాలనుకునేవాళ్లకి నేను చెప్పగలిగింది ఒకటే. ఇంట్లో ఇంకొకరు ఉన్నప్పుడు ఆడండి, గళ్ల నోట్‌బుక్ కొనుక్కోండి, ఎనిమిదో దారి దగ్గర మాత్రం సిగ్గుపడకుండా అడగండి. ఫోన్ని కాదు, ఆడినవాళ్లని. మా మేనల్లుడు బెంగళూరు వెళ్లేటప్పుడు నోట్‌బుక్ ఇక్కడే వదిలేశాడు. రెండో యాత్ర మొదలుపెట్టాడట. నిన్న ఫోన్ చేసి, “మామా, ఆ చెరువు పేజీలో నేనేం రాసినానో చూసి చెప్పు” అన్నాడు. చూశాను. ఏం రాశాడో చెప్పలేదు, ఏ గడిలో ఉందో మాత్రం చెప్పాను.