తర్వాత కలపలేనివే ముందు చూడాలి

మదర్‌బోర్డు ఏదో తేలాలంటే ముందు ప్రాసెసర్ ఏదో తేలాలి. ఏఎండీ రైజెన్ 7000, 9000 వరుసలవి ఏఎం5 సాకెట్‌లో కూర్చుంటాయి. ఇంటెల్ 12, 13, 14 తరాలవి ఎల్‌జీఏ 1700లో, 2024లో వచ్చిన కోర్ అల్ట్రా 200 వరుసవి ఎల్‌జీఏ 1851లో. ఒకదానిది మరొకదానికి పట్టదు. ర్యామ్ సంగతీ అంతే: ఏఎం5 బోర్డులన్నీ డీడీఆర్5కే, ఎల్‌జీఏ 1700లో మాత్రం డీడీఆర్4వీ, డీడీఆర్5వీ రెండు రకాలూ దొరుకుతాయి. గాడి వేరే చోట ఉంటుంది కాబట్టి పాత డీడీఆర్4 స్టిక్ కొత్త స్లాట్‌లో దిగదు.

నాలుగైదేళ్లకు ప్రాసెసర్ మాత్రమే మార్చుకుందామనుకునే ఇంటికి ఏఎం5 మేలు. దాని ముందుతరం ఏఎం4 2016లో వచ్చి ఏళ్ల తరబడి కొత్త ప్రాసెసర్లను మోసింది. ఏఎం5ను కనీసం 2027 వరకు కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది. చిప్‌సెట్లలో ఇంటి వాడకానికి బీ650 స్థాయి సరిపోతుంది. ఎక్స్670కి పెట్టే అదనపు డబ్బు ఎస్‌ఎస్‌డీకో ర్యామ్‌కో పెడితే ఫలితం కంటికి కనిపిస్తుంది.

బోర్డు నాణ్యత అసలు తెలిసేది సాకెట్ చుట్టూ ఉన్న వీఆర్‌ఎం దగ్గర. పవర్ సప్లై ఇచ్చే 12 వోల్టులను ప్రాసెసర్‌కు కావలసిన ఒక వోల్టు చిల్లరకు దించేది అదే. ఆ పనిలో అది వేడెక్కుతుంది. 65 వాట్ల ప్రాసెసర్‌కు మామూలు బోర్డు చాలు. 170 వాట్ల రైజెన్ 9ను, మే నెలలో ఏసీ లేని విజయవాడ గదిలో గంటల కొద్దీ వీడియో ఎడిటింగ్‌కు వాడాలంటే వీఆర్‌ఎం మీద దళసరి హీట్‌సింక్ ఉండి తీరాలి. వేడి మితిమీరితే ప్రాసెసర్ వేగం పడిపోతుంది. రంగురంగుల లైట్లు ఈ లోటును తీర్చవు.

చాలామంది పట్టించుకోని సదుపాయం బయాస్ ఫ్లాష్‌బ్యాక్. షాపులో చాలాకాలంగా ఉన్న బీ650 బోర్డులో కొత్త రైజెన్ 9000 పెడితే, పాత బయాస్ సాఫ్ట్‌వేర్ దాన్ని గుర్తుపట్టక తెర నల్లగానే ఉండిపోవచ్చు. ఫ్లాష్‌బ్యాక్ ఉంటే ప్రాసెసర్ లేకుండానే బయాస్‌ను కొత్తదిగా మార్చుకోవచ్చు, గండం గడుస్తుంది. కంపెనీ సైటు నుంచి దించుకున్న బయాస్ ఫైలుకు మాన్యువల్‌లో చెప్పిన పేరు పెట్టి, ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో వేసి, వెనక గుర్తు వేసి ఉన్న పోర్టులో గుచ్చి, పవర్ ఇచ్చి బటన్ నొక్కిపట్టాలి. లైటు మిణుకుమిణుకుమంటూ కొన్ని నిమిషాలు నడుస్తుంది. పని ముగిసేదాకా కరెంటు పోకూడదు కాబట్టి యూపీఎస్ మీద చేయడం క్షేమం.

ఎం.2 స్లాట్లు కనీసం రెండుండాలి. రెండోది వాడితే కొన్ని బోర్డుల్లో ఒకట్రెండు సాటా పోర్టులు పనిచేయవు. ఆ మాట మాన్యువల్‌లోనే ఉంటుంది, డబ్బా మీద ఉండదు. నాలుగు ర్యామ్ స్లాట్లున్నా రెండు స్టిక్‌లతోనే మొదలుపెట్టాలి: రైజెన్ 7000లో రెండింటికి అధికారిక వేగం 5200 అయితే, నాలుగు నింపితే 3600కి దిగుతుంది. వైఫై బోర్డులో లేకపోయినా ఫరవాలేదు, చిన్న యూఎస్‌బీ అడాప్టర్‌తో తర్వాతైనా వస్తుంది. క్యాబినెట్ ముందు టైప్-సీ పోర్టు ఉంటే దానికి తగ్గ కనెక్టర్ బోర్డు మీద ఉందో లేదో చూసుకోవాలి. పేరు చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ ఉండదు, బోర్డు వెనకున్న హెచ్‌డీఎంఐ దానితో పనిచేయదు.

సైజు గురించి చెప్పాల్సింది తక్కువ. ఏటీఎక్స్ 305 మిల్లీమీటర్ల పొడవు, మైక్రో ఏటీఎక్స్ 244. గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే పెట్టే ఇంటికి చిన్నదే చాలు.

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొన్నా మరెక్కడ కొన్నా, బిల్లు కట్టకముందే కౌంటర్ మీద డబ్బా విప్పించాలి. ఈ సాకెట్లలో సన్నని పిన్నులు ప్రాసెసర్‌కు కాక బోర్డుకే ఉంటాయి. ప్లాస్టిక్ మూత తీసి, మొబైల్ టార్చి వెలుతురు ఏటవాలుగా వేస్తే వంగిన పిన్ను వరుస తప్పి మెరుస్తుంది. వేలు తగలనివ్వకూడదు. వంగిన పిన్నుకు సాధారణంగా వారంటీ వర్తించదు. బోర్డు వెనక్కి పంపాల్సివస్తే చాలా కంపెనీలు సాకెట్‌కు ఆ మూత ఉండాలంటాయి కాబట్టి, దాన్ని డబ్బాలోనే భద్రపరచాలి.