ప్రతిబింబం, ప్రక్షేపణ, తెర

మన సాహిత్య చర్చల్లో ఈమధ్య 'ప్రొజెక్షన్' అనే మాట తరచుగా వినిపిస్తోంది. కథలో కౌలురైతు భూస్వామిని ద్వేషిస్తే, ఆ ద్వేషం రచయిత సొంత అభద్రతకు ప్రొజెక్షన్ అంటారు. ఒక స్త్రీ తన కవితలో భర్త పెత్తనాన్ని నిలదీస్తే, తన మనసులోని సంఘర్షణను మగవాళ్ళందరి మీదా ప్రొజెక్ట్ చేసింది అంటారు. ఆ మాట అన్నాక చర్చ ముగుస్తుంది. కౌలు ఎన్ని బస్తాలు, భూమి ఎవరి పేర వుంది, ఇంట్లో ఎవరి చెయ్యి ఎవరి మీద లేస్తోంది అని అడిగే పని ఇక ఎవరికీ వుండదు. వస్తువు మొత్తం రచయిత తలలోకి చేరిపోతుంది. ఒక కథల చర్చలో నేను దీన్ని స్వయంగా చూశాను. విన్నవాళ్ళలో సగంమంది అదేదో శాస్త్రీయమైన తీర్పు అనుకుని తలలూపారు. మిగిలిన సగం, మనవాళ్ళే, 'సాహిత్యం సమాజానికి ప్రతిబింబం' అని పాత సమాధానం చెప్పి కూర్చున్నారు. ఈ రెండూ నన్ను తృప్తిపరచలేదు.

ఆ మాటను కొట్టిపారేయాలని నేననడం లేదు. అది పనికొచ్చే మాటే. కాని ఒకే ఇంగ్లీషు మాట నాలుగు శాస్త్రాల్లో నాలుగు పనులు చేస్తోంది. మన పాఠ్యపుస్తకాలు వాటికి వేరువేరు పేర్లు పెట్టి మంచి పని చేశాయి. గణితంలో అది విక్షేపం. మనోవిజ్ఞానంలో ప్రక్షేపణం. బడ్జెట్లో రాబోయే ఏళ్ళ అంచనా. సినిమా హాల్లో మాత్రం ప్రొజెక్షన్ ప్రొజెక్షనే. ఆపరేటరుకు దాన్ని తెనిగించే తీరిక లేదు. నడినెత్తిన సూర్యుడున్నప్పుడు వాలుగా పట్టుకున్న కర్ర నీడ ఎంత పొడవుంటుందో గణితం లెక్క కట్టి చెబుతుంది. ఆ నీడకు కర్ర వుండి తీరాలి. మనోవిజ్ఞానం చెప్పే ప్రక్షేపణలో వ్యవహారం తిరగబడుతుంది: మనిషి తనలో వున్నదాన్ని, అది లేనిచోట చూస్తాడు. ఒకదానిలో వస్తువు వుంది కనుక నీడ పడింది. రెండోదానిలో నీడ వుందిగాని వస్తువు అక్కడ లేదు. మన విమర్శకుడు మొదటిదాని కచ్చితత్వాన్ని అరువు తెచ్చుకుని రెండోదాన్ని చలామణీ చేస్తాడు. పేచీ ఇక్కడే.

తెర అనే మాట ఇంకా చిత్రమైనది. తెలుగులో తెర మొదట అడ్డం. పెళ్ళిలో వధూవరుల మధ్య పట్టేది తెర. తెరచాటు, తెర వెనక అంటే కనబడకుండా అనే. వెండితెర వచ్చాక అదే మాట చూపించేదానికీ పేరైంది. అయితే ఈ మార్పు సినిమాతోనే వచ్చిందనుకుంటే పొరపాటు. భామాకలాపంలో సత్యభామ తెర వెనక నిలబడి, తన జడను తెర మీదుగా ప్రేక్షకుల వైపు వేస్తుంది. అది పండితులకు సవాలు. మనిషి ఇంకా కనబడదు, జడ మాత్రం కనబడుతుంది. దాచే గుడ్డే చూపించే గుడ్డ కూడా. ఇంగ్లీషులోని 'స్క్రీన్' కు మూడో పని కూడా వుంది: బొగ్గు గనిలో జల్లెడ. స్క్రీనింగ్ కమిటీ అన్నప్పుడు మనం వాడేది ఆ అర్థాన్నే. కథాసంకలనాలకు ఎంపిక చేసే మిత్రులు తాము పట్టుకున్నది అద్దమనుకుంటారుగాని, చాలాసార్లు అది జల్లెడే.

తోలుబొమ్మలాటను ఒక్కసారి గుర్తుచేసుకుందాం. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఆ కళ ఇంకా బతికి వుంది. తెల్లటి గుడ్డ, దాని వెనక దీపం (ఒకప్పుడు ఆముదపు దీపం, తర్వాత కరెంటు బల్బు), ఆ రెంటికీ మధ్య ఆటగాడు, అతని చేతిలో వెలుగు చొరబడేంత పల్చగా చేసి రంగులద్దిన తోలుబొమ్మ. బొమ్మను గుడ్డకు ఆనించి పట్టుకుంటే రంగులు, గీతలు స్పష్టంగా కనిపిస్తాయి. దాన్నే దీపం వైపు జరిపితే నీడ పెద్దదవుతుంది, అంచులు మసకబారుతాయి. రాక్షసుణ్ణి భయంకరంగా చూపించాలంటే వేరే బొమ్మ అక్కర్లేదు, దీపానికి దగ్గరగా జరిపితే చాలు. తెర మీది పరిమాణం బొమ్మ పరిమాణం కాదనీ, అది దీపానికీ బొమ్మకూ మధ్యనున్న దూరాన్నిబట్టి వుంటుందనీ ఆటగాడికి తెలుసు. విమర్శకుడికి కూడా తెలియాలి.

ఇక ఫ్రాయిడ్ దగ్గరకు వద్దాం. 1911లో ఒక న్యాయమూర్తి ఆత్మకథను పరిశీలిస్తూ, 'నేను అతణ్ణి ద్వేషిస్తున్నాను' అన్నది మనసు భరించలేనప్పుడు 'అతడే నన్ను ద్వేషిస్తున్నాడు' గా మారుతుందని ఆయన వివరించాడు. అంతకుముందు 1899లో, బాల్యపు జ్ఞాపకాలు కొన్ని అసలు జ్ఞాపకాలను కప్పిపుచ్చుతాయని రాశాడు. వాటికి ఆయన వాడిన జర్మన్ మాటకు అర్థం కప్పేది అని. ఇంగ్లీషు అనువాదకులు దాన్ని స్క్రీన్ అన్నారు. దాంతో సినిమా తెర కూడా ఆ అర్థంలోకి జొరబడింది. 1921లో రోర్షాక్ సిరామరకల పరీక్ష వచ్చింది. దాని తరహా పరీక్షలకు ప్రక్షేపక పరీక్షలన్న పేరు తర్వాత స్థిరపడింది. మరకలో బొమ్మ లేదు కనుక, అందులో ఏది చూస్తే అది చూసినవాడిదే అన్నది ఆ పరీక్షల ఆధారం. ఆ తర్కం మరకకు చెల్లుతుంది. కూలి రేటు సిరామరక కాదు. అడంగల్లో వున్న పేరు సిరామరక కాదు. కౌలురైతు కోపం చూసి 'ఇది నీ మనసులోది' అనాలంటే, ముందు ఎదురుగా ఏమీ లేదని రుజువు చెయ్యాలి. ఆ రుజువు బాధ్యతను మన మనోవిశ్లేషక విమర్శకులు ఎన్నడూ నెత్తికెత్తుకోలేదు.

ఫాయర్‌బాక్ 1841లో దేవుడి విషయంలో చెప్పింది ఇలాంటిదే: మనిషి తన సారాన్నే తనకు బయట నిలబెట్టి మొక్కుతున్నాడు అని. మార్క్సు దాన్ని అంగీకరించి అక్కడ ఆగలేదు. మనిషి తనలోదాన్ని ఆకాశంలో చూస్తున్నాడు సరే, భూమి మీద ఏ వైరుధ్యం అతణ్ణి అలా చూసేలా చేసింది అని 1845లో ప్రశ్న మార్చాడు. ఆ తర్వాత ఎంగెల్స్‌తో కలిసి రాసిన 'జర్మన్ భావజాలం' లో, భావజాలంలో మనుషులు తలకిందులుగా కనబడడాన్ని చీకటిపెట్టెలో పడే బొమ్మతో పోల్చాడు. ఆ పోలికలో నాకు ముఖ్యమనిపించేది తలకిందులు కావడం కాదు. ఆ తలకిందులుకు కారణం చూసేవాడి పిచ్చి కాదనీ, అతని జీవన ప్రక్రియేననీ చెప్పడం ముఖ్యం.

అయితే మనవాళ్ళ 'ప్రతిబింబం' కూడా ఇక్కడ బయటపడదు. అద్దం వుంటే చాలు, బింబం దానంతటదే పడుతుందన్న ధోరణి మన సమీక్షల్లో పాతుకుపోయింది. లెనిన్ 1908లో టాల్‌స్టాయ్‌ను రష్యన్ విప్లవానికి అద్దం అన్నాడు, నిజమే. కాని ఆ వ్యాసం మొదలయ్యేదే, విప్లవాన్ని అర్థం చేసుకోని, దానికి దూరంగా వుండిపోయిన వ్యక్తిని దానికి అద్దం అనడం ఎలా కుదురుతుందన్న సందేహంతో. టాల్‌స్టాయ్‌లోని వైరుధ్యాలు రైతాంగపు వైరుధ్యాలు అన్నది ఆయన సమాధానం. ఆ వ్యాసం పేరును మనం బాగా గుర్తుపెట్టుకున్నాం, వాదన మర్చిపోయాం.

అద్దం కంటే ప్రపంచపటం మనకు మంచి పాఠం చెబుతుంది. గోళం ఉపరితలాన్ని వక్రీకరణ లేకుండా బల్లపరుపు కాగితం మీదికి తేవడం అసాధ్యమని గౌస్ 1827లో చేసిన గణితం తేల్చింది. కోణాలు కాపాడితే వైశాల్యాలు చెడతాయి, వైశాల్యాలు కాపాడితే ఆకారాలు చెడతాయి. మెర్కేటర్ 1569లో గీసిన పటం కోణాలను కాపాడింది. 60 డిగ్రీల అక్షాంశం దగ్గర ఆ పటంలో వైశాల్యం భూమధ్యరేఖ దగ్గరి కొలతతో పోలిస్తే 4 రెట్లు పెరుగుతుంది. సుమారు 22 లక్షల చదరపు కిలోమీటర్ల గ్రీన్‌లాండు, దానికి 14 రెట్లున్న ఆఫ్రికాకు సమానంగా కనిపిస్తుంది. గ్రీన్‌లాండుకు ఒకటిన్నర రెట్లున్న మన దేశం దాని పక్కన చిన్నబోతుంది. 1973లో జర్మనీలో ఆర్నో పీటర్స్ వైశాల్యాలను కాపాడే పటాన్ని ముందుకు తెచ్చి, పాతది వలసవాద పటమని దుమ్మెత్తిపోశాడు. అలాంటి పటాన్నే జేమ్స్ గాల్ 1855లోనే ప్రతిపాదించి వున్నాడు.

పీటర్స్ ఆవేశం నాకు అర్థమవుతుంది, వాదన మాత్రం సగమే ఒప్పుకుంటాను. మెర్కేటర్ పటం గీసింది నావికుల కోసం. ఒకే దిక్సూచి కోణంలో సాగే ఓడదారి ఆ పటం మీద సరళరేఖగా వస్తుంది. నావికుడికి గ్రీన్‌లాండు వైశాల్యంతో పనిలేదు. ఆ పటాన్ని తెచ్చి బడిగోడకు తగిలించి, 'పిల్లలూ, ఇదే ప్రపంచం' అన్నప్పుడు అది భావజాలమైంది. రచన విషయంలోనూ అంతే. వక్రీకరణ లేని వాస్తవికత లేదు. ఈ రచన దేన్ని కాపాడింది, దేన్ని బలిపెట్టింది, అది ఎవరి ప్రయాణానికి గీసిన పటం, ఇప్పుడు ఎవరి గోడకు వేలాడుతోంది అని అడగాలి. 'వాస్తవాన్ని ప్రతిబింబించింది' అని ఒక సమీక్షలో, 'ప్రతిబింబించలేదు' అని మరో సమీక్షలో రాసి చేతులు దులుపుకోవడం కంటే ఇది కష్టమైన పని.

ఉదాహరణకు గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'. సీతారామారావు తన పతనానికి లోకాన్నంతా దోషిగా నిలబెడతాడు, భార్యను హింసిస్తాడు. ఇది ప్రక్షేపణ అంటే నేను కాదనను. తన అసమర్థతను తనలో చూసుకోలేక బయట చూస్తున్నాడు. వంశప్రతిష్ఠ నిలబెట్టమన్న తండ్రి మాట, ఆ ప్రతిష్ఠకు ఆధారమైన ఆస్తి కరిగిపోవడం, ఇవి ఆ యంత్రంలోని దీపం, ఫిలిం. ఇంతవరకు మన విమర్శ చెబుతూనే వచ్చింది. తెర గురించే మాట్లాడలేదు. అతని కోపం పడడానికి ఆ ఇల్లాలు ఎందుకు అంత సులువుగా అందుబాటులో వుంది? ఆమెకు పక్కకు తప్పుకునే చోటెందుకు లేదు? అతని మనసును ఎంత తవ్వినా ఈ ప్రశ్నకు జవాబు దొరకదు, ఎందుకంటే అది అతని మనసులో లేదు. ఆస్తిలో, పెళ్ళిలో, కుటుంబంలో వుంది.

దీపం ఎవరిదో తెలిస్తే బొమ్మ ఏమిటో తెలిసిపోతుందన్నది కూడా తొందరపాటే. 1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన 'రైతుబిడ్డ' జమీందారీ మీద ఎక్కుపెట్టిన సినిమా. జమీందార్ల అభ్యంతరాలతో కొన్నిచోట్ల ప్రదర్శనకు అడ్డంకులు వచ్చాయి. దానికి పెట్టుబడి వచ్చింది చల్లపల్లి జమీందారు నుంచి. డబ్బు పెట్టినవాడి వర్గాన్నిబట్టి సినిమా వర్గాన్ని తేల్చే మన సూత్రం ఇక్కడ తెల్లమొహం వేస్తుంది.

ప్రక్షేపణ వ్యక్తి మనసుకే పరిమితం కాదనడానికి ఫానన్ 1952లో నల్లవాళ్ళ మీద తెల్లవాళ్ళు ఆరోపించిన పశుత్వాన్ని చూపించాడు. మనకు అంతదూరం పోనక్కర్లేదు, బాపట్ల దాకా పోతే చాలు. ఎరుకలవాళ్ళు కోస్తా నుంచి లోపలి ప్రాంతాలకు ఉప్పు, అక్కణ్ణుంచి ధాన్యం పశువుల మీద మోసుకొచ్చి అమ్ముకునేవాళ్ళు. రైళ్ళు, ప్రభుత్వ ఉప్పు విధానం వచ్చి ఆ వ్యాపారాన్ని తుడిచిపెట్టాయి. బతుకుతెరువు పోయి తిరుగుతున్నవాళ్ళను చూసిన ప్రభుత్వం, తిరగడమే నేరస్వభావానికి గుర్తు అంది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో మార్చి మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. 1910ల్లో సాల్వేషన్ ఆర్మీ చేతుల్లో స్టువర్టుపురం సెటిల్‌మెంటు వెలిసింది. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టువర్ట్ పేరే ఆ ఊరికి పెట్టారు. 'సంస్కరణ' కింద అక్కడివాళ్ళను చీరాల ఐ.ఎల్.టి.డి. పొగాకు కంపెనీకి కూలీలుగా పంపారు. తమవల్ల చితికిపోయిన బతుకుల్లో పాలకులు పుట్టుకతో వచ్చిన దొంగతనాన్ని చూశారు. ఆ చూపుకు చట్టం, హాజరుపట్టీ, పొగాకు కంపెనీ తోడయ్యాయి. కౌలురైతు కూడా తన భయాలను భూస్వామిలో చూస్తాడేమో. కాని అతని చూపు శాసనసభకెక్కి చట్టం కాదు.

ఆ చట్టం 1952లో రద్దయింది. తెర రద్దు కాలేదు. 1991 ఒక్క ఏడాదిలోనే ఆ ఊరి పేరు పెట్టుకుని 'స్టువర్టుపురం పోలీస్‌స్టేషన్', 'స్టువర్టుపురం దొంగలు' అని రెండు సినిమాలు వచ్చాయి. 2023లో 'టైగర్ నాగేశ్వరరావు' వచ్చింది. బొమ్మను గుడ్డకు ఆనించి పట్టుకుంటే పొగాకు కూలీ ముఖం, ఉప్పు బస్తా, బడికి పోయే పిల్లలు కనబడి వుండేవాళ్ళు. దీపం దగ్గరకు జరిపితే కనబడేది హాలంత దొంగ. ఆ ఊళ్ళో పుట్టి, చదువుకుని, ఉద్యోగానికి దరఖాస్తు రాసేటప్పుడు సొంత ఊరు అన్న గడి దగ్గర కలం ఆపే కుర్రాడు రేపు ఒక కథ రాయవచ్చు. అందులో కోపం వుంటుంది. అది ఏ దీపం వెలుగులో, ఎవరు ఆడించిన బొమ్మ మీద వచ్చిన కోపమో మన సమీక్షకుడు పరిశీలిస్తాడా, లేక రచయిత అభద్రత గురించి ఒక పేరా రాసి పంపిస్తాడా?