సాంబ మసూరి చెప్పే జన్యుపాఠం

వరి పువ్వు విచ్చుకుని ఉండేది గంటసేపు, కొన్నిసార్లు అదీ ఉండదు. పొద్దున తొమ్మిదీ పదింటికి మొదలై మధ్యాహ్నం లోపే ఆ రోజు పూత ముగుస్తుంది. పొట్టు విప్పి చూస్తే లోపల ఆరు కేసరాలు, ఈకల్లాంటి రెండు కీలాగ్రాలు. పువ్వు విచ్చుకునే వేళకే తన పుప్పొడి తన కీలాగ్రం మీదే రాలిపోతుంది. బయటి పుప్పొడికి సందు దొరకడం అరుదు. ఇలాంటి పువ్వుకు మనం ఎంచిన తండ్రిని తేవాలంటే దాని పుప్పొడి పండకముందే మనం అక్కడ ఉండాలి. ఇంటర్ వృక్షశాస్త్రంలో ‘విపుంసీకరణ’ అని రెండు మార్కులకు చదివి వదిలేసే పని ఇదే.

వరి పరిశోధన కేంద్రాల్లో ఈ పని సాయంత్రం మొదలవుతుంది. పొట్టలోంచి సగానికి పైగా బయటపడిన వెన్నును చూసుకుని, పైన అప్పటికే పూసేసిన పూలనూ అడుగున మరీ లేతగా ఉన్నవాటినీ తీసేస్తారు. మిగిలిన ఒక్కొక్క పువ్వు పొట్టునూ కొస నుంచి మూడో వంతు ఏటవాలుగా కత్తిరించి, సన్నని పట్టకారుతో ఆరు పుప్పొడి తిత్తులనూ బయటికి లాగాలి. ఒక్కటి లోపల ఉండిపోయినా వచ్చే గింజ సంకరం కాకపోవచ్చు, తల్లికి నకలే కావచ్చు. పట్టకారు మొన కీలాగ్రానికి గుచ్చుకుంటే అసలు గింజే కట్టదు. పని అయ్యాక బటర్‌పేపర్ సంచి తొడిగి, పిన్ను పెట్టి, తల్లి పేరు, తండ్రి పేరు, తేదీ రాసిన చీటీ కడతారు. మర్నాడు పొద్దున తండ్రి వెన్నును తెచ్చి సంచిలోకి దులుపుతారు. కొన్నాళ్లకు కత్తిరించిన పొట్టులోంచి ఆకుపచ్చటి గింజ కొస బయటికి తొంగిచూస్తుంది. సగం పొట్టుతో, బోడి కొసతో ముదిరే ఆ గింజే పుస్తకంలోని ఎఫ్1.

మెండెల్ చేసిందీ ఇదే, బఠాణీ మీద. 1856 నుంచి 1863 దాకా బ్రనో మఠం తోటలో ఒక్కో పువ్వు నుంచి పది కేసరాలు తీసి, పుప్పొడి అద్ది, గుడ్డ సంచి కట్టాడు. ఆ చేతి ఓపిక తర్వాతే ఆయన లెక్క. ఎఫ్2లో గుండ్రటి గింజలు 5,474, ముడతలవి 1,850. భాగిస్తే 2.96 వస్తుంది, 3 కాదు. మన రికార్డు పుస్తకాల్లో మాత్రం ఎప్పుడు చూసినా సరిగ్గా 75, 25. అంత చక్కటి లెక్క వచ్చిన రికార్డును నేనైతే నమ్మను. ప్రకృతి లాటరీ తీస్తున్నప్పుడు కొంచెం అటూఇటూ కావాలి. ఆ తేడా ఎంతవరకు మామూలో తేల్చడానికే కై-స్క్వేర్ పరీక్ష ఉంది.

ఇక సాంబ మసూరి. బాపట్ల కేంద్రం 1986లో విడుదల చేసిన బీపీటీ 5204. సన్న బియ్యం, తినడానికి బాగుంటుంది, మిల్లులో ధర పలుకుతుంది. లోపమల్లా బాక్టీరియా ఎండాకు తెగులుకు తేలిగ్గా లొంగిపోవడం. ఆకు అంచుల వెంట అలలుగా పసుపు దిగి, తర్వాత గడ్డి రంగుకు ఎండిపోతుంది. మందు చల్లి దీన్ని అదుపు చేయడం కష్టం. హైదరాబాద్‌లో హబ్సిగూడలోని సీసీఎంబీ, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంచాలకాలయం కలిసి ఈ లోపాన్ని దిద్దే పని పెట్టుకున్నాయి. అదే సంచాలకాలయం ఇప్పటి భారతీయ వరి పరిశోధన సంస్థ. తెగులును తట్టుకునే మూడు జన్యువులు ఒకే చోట ఉన్న పంజాబ్ వరి రకాన్ని దాతగా తీసుకున్నారు. ఆ మూడూ ఎక్స్‌ఏ21, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5. మొదటిది ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చింది.

దాతతో ఒక్కసారి కలిపితే పిల్లల్లో సగం సాంబ, సగం పంజాబ్ రకం. రైతుకు కావలసింది ఆ కలగలుపు కాదు, తెగులు పట్టని సాంబ. అందుకే పిల్లను మళ్లీ మళ్లీ సాంబతోనే కలుపుతారు. దీన్నే బ్యాక్‌క్రాస్ అంటారు. సాంబ వాటా సగటున 75 శాతానికి, 87.5కి, 93.75కి, నాలుగోసారికి దాదాపు 97కి చేరుతుంది. ప్రతి తరంలోనూ పట్టకారు, కత్తెర, సంచి తప్పవు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మూడింటిలో ఎక్స్‌ఏ21 బహిర్గతం, తక్కిన రెండూ అంతర్గతం. బహిర్గతం అంటే మంచిదనీ బలమైనదనీ చాలామంది పిల్లలు అనుకుంటారు. ఎక్స్‌ఏ13 విషయంలో తెగులుకు లొంగే రూపమే బహిర్గతం. బాక్టీరియా వరిలోని ఒక జన్యువు మీట నొక్కి, మొక్క చేతే చక్కెర బయటికి పంపించుకుంటుంది. ఎక్స్‌ఏ13లో ఆ మీట మారిపోయింది, బాక్టీరియాకు అందదు. కానీ మొక్కలో రెండు ప్రతులుంటాయి కదా. ఒకదాని మీట మామూలుగా ఉన్నా బాక్టీరియా పని జరిగిపోతుంది. కాబట్టి రెండు ప్రతులూ మారితేనే రక్షణ.

బ్యాక్‌క్రాస్‌లో ప్రతి పిల్లకూ ఒక ప్రతి సాంబ నుంచే వస్తుంది, అంటే అంతర్గత జన్యువు ఉన్నా బయటపడదు. పైగా ఎక్స్‌ఏ21 ఉన్న మొక్క తెగులును ఎలాగూ తట్టుకుంటుంది కాబట్టి, దాని వెనుక మిగతా రెండూ ఉన్నాయో లేవో ఆకు చూసి చెప్పలేం. కళ్లకు కనిపించేదాన్నే నమ్ముకున్న పాత పద్ధతి ఇక్కడ ఆగిపోతుంది.

అప్పుడు డీఎన్ఏ దగ్గరికి వెళ్లాలి. నారు దశలోనే ఆకు ముక్క కోసి, నూరి, డీఎన్ఏ తీస్తారు. జన్యువునో, దాన్ని అంటుకుని ఉన్న గుర్తునో పీసీఆర్‌తో పెంచుతారు. 95 డిగ్రీల దగ్గర రెండు పోగులూ విడిపోతాయి, 55 చుట్టుపక్కల ప్రైమర్లు అతుక్కుంటాయి, 72 దగ్గర ఎంజైమ్ కొత్త పోగు అల్లుతుంది. అంత వేడికి చెడని ఆ ఎంజైమ్ వేడినీటి బుగ్గల్లో బతికే బాక్టీరియాది. చుట్టు చుట్టుకూ రెట్టింపైతే ముప్పై చుట్లకు ఒక ప్రతి వంద కోట్లు దాటుతుంది.

తర్వాత సముద్రపు నాచు నుంచి తీసిన అగరోజ్ జెల్. గుంటల్లో నమూనాలు పోసి కరెంటు ఇస్తే, ఋణావేశమున్న డీఎన్ఏ ధన ధ్రువం వైపు పాకుతుంది. చిన్న ముక్క ముందు, పెద్ద ముక్క వెనక. వైర్లు తారుమారైతే డీఎన్ఏ వెనక్కి నడిచి బఫర్‌లో కలిసిపోతుంది. ల్యాబ్‌లో అడుగుపెట్టిన ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఈ పని చేస్తారు. డీఎన్ఏ లేకుండా నీళ్లు పోసిన గుంటలో గీత కనిపిస్తే మాత్రం ఎక్కడో కలుషితమైనట్టే, మొత్తం మళ్లీ చేయాల్సిందే.

ఎక్స్‌ఏ21కు వాడే గుర్తులో దాత గీత పైన ఆగుతుంది, సాంబ గీత కిందికి దిగుతుంది. రెండూ ఉన్న మొక్కకు రెండు గీతలు పడతాయి. పన్నెట్ చదరం గడిలో పెద్దక్షరం పక్కన చిన్నక్షరం రాస్తామే, ఆ విషమయుగ్మజం అతినీలలోహిత కాంతిలో కళ్ల ముందు కనిపించేది ఇలాగే. నా మటుకు నాకు జన్యుశాస్త్ర ప్రాక్టికల్స్‌లో ఇంతకన్నా మంచి దృశ్యం లేదు.

మూడు జన్యువులూ వేర్వేరు క్రోమోసోముల మీద ఉన్నాయి: 11, 8, 5. కాబట్టి బ్యాక్‌క్రాస్ పిల్లల్లో మూడూ ఉన్నది ఎనిమిదింట ఒకటి. చివర తనలో తాను ఫలదీకరణ చెందనిస్తే, మూడూ రెండేసి ప్రతులుగా ఉన్నది అరవై నాలుగింట ఒకటి. ఆ ఒక్కదాన్ని నారులోనే పట్టుకోవచ్చు. అలాగని జెల్ చెప్పింది చాలదు. కత్తెరను బాక్టీరియా ద్రావణంలో ముంచి ఆకు కొసలు కత్తిరిస్తారు. రెండు వారాలకు ఎండు ఎంత దూరం దిగిందో స్కేలుతో కొలుస్తారు. గింజ, అన్నం, దిగుబడి సాంబలాగే ఉన్నాయో లేదో పొలంలోనూ వంటింట్లోనూ తేల్చుకోవాలి.

అలా వచ్చిన ‘మెరుగుపరిచిన సాంబ మసూరి’ 2008లో విడుదలైంది. ఇది జన్యుమార్పిడి పంట కాదు. జన్యువులు కదిలింది పుప్పొడి ద్వారానే. ల్యాబ్ చేసింది ఎంపిక మాత్రమే.

లెక్చరర్లకు ఒక మాట. పీసీఆర్ యంత్రం అన్ని కాలేజీల్లోనూ ఉండదు, నిజమే. పట్టకారు, కత్తెర, బటర్‌పేపర్ సంచులకు పెద్ద ఖర్చేమీ కాదు. వరి పువ్వు మొదటిసారికి మరీ చిన్నదనిపిస్తే బెండ పువ్వుతో మొదలుపెట్టండి. గద్వాల, నంద్యాల వైపు సీడ్ పత్తి చేలలో ఇదే పనిని ఆడవాళ్లు రోజూ వందల పూల మీద చేస్తున్నారు: సాయంత్రం మగ భాగం తీయడం, మర్నాడు పుప్పొడి అద్దడం. పిల్లల్ని ఒక సాయంత్రం అక్కడికి తీసుకెళ్లి, వాళ్ల పక్కన కూర్చోబెట్టి, పది పూలు చేయించండి. చీటీ మీద తేదీ రాయడం మరిచిపోనివ్వకండి.