ఫోన్ ఎవరు చేయాలి?

ఉద్యోగం చేసుకుంటూ పీహెచ్‌డీ చేసేవాళ్లకు గైడ్‌గా ఉండి నేను గమనించింది ఒకటుంది. మానేసేవాళ్లు మానేస్తున్నామని చెప్పరు. ముందు మెయిళ్లు తగ్గుతాయి. తర్వాత "వచ్చే నెల చాప్టర్ పంపుతాను సార్" అంటారు. ఆపైన ఆ మాటా ఉండదు.

అమెరికాలో ఆన్‌లైన్ డాక్టరేట్లలో చేరేవాళ్లు కూడా చాలామంది ఇలా ఉద్యోగం చేసుకుంటూ చదివేవాళ్లే: టీచర్లు, నర్సులు, మేనేజర్లు, పిల్లలున్న సంసారులు. కోర్స్‌వర్క్ నడిచినన్నాళ్లూ ఇబ్బంది లేదు. వారం వారం అసైన్‌మెంట్, దానికో గడువు, దానికో మార్కు. థీసిస్‌కొచ్చేసరికి గడువు పెట్టేవాళ్లుండరు. టాపిక్ తేలాలి, ప్రపోజల్‌ను కమిటీ ఒప్పుకోవాలి, మనుషుల మీద అధ్యయనమైతే ఎథిక్స్ బోర్డు అనుమతించాలి. ప్రతిచోటా సవరణలంటూ తిప్పి పంపుతారు. జవాబు వారాల తరబడి రాకపోయినా టర్మ్ ఫీజు ఆగదు. మధ్యలో గైడ్ మారితే కొత్తాయనకు పాత టాపిక్ నచ్చకపోవచ్చు.

చదువు రాక వదిలేస్తారనుకుంటాం. కానీ పరిశోధకురాలు బార్బరా లోవిట్స్ 2001లో వెలువరించిన పుస్తకంలో రెండు అమెరికన్ విశ్వవిద్యాలయాల విద్యార్థులను పరిశీలించి, పూర్తి చేసినవాళ్లకూ వదిలేసినవాళ్లకూ డిగ్రీ మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదని తేల్చారు. వెళ్లినవాళ్లు లోపం తమదేననుకుని చప్పుడు చేయకుండా వెళ్లిపోయారు. ఆమె చూసింది క్యాంపస్ చదువులను. అక్కడ కనీసం క్యాంటీన్ ఉంటుంది. "నాదీ రెండుసార్లు వెనక్కొచ్చిందిలే" అని ఒక సీనియర్ అంటే సగం దిగులు తీరుతుంది. ఆన్‌లైన్‌లో ఆ సీనియర్ ఎదురుపడడు.

మన దేశంలో ఎడ్‌టెక్ కంపెనీలు విదేశీ సంస్థలతో కలిసి ఇచ్చే ఆన్‌లైన్ పీహెచ్‌డీలకు గుర్తింపు లేదని యూజీసీ, ఏఐసీటీఈ 2022 అక్టోబరులోనే ప్రకటించాయి. కాబట్టి ఈ బెడద మనకు లేదనుకోవచ్చు. కానీ మన పార్ట్‌టైమ్ స్కాలర్ల సంగతేమిటి? గైడ్ వరంగల్‌లో, స్కాలర్ బెంగళూరులో. ఇద్దరి మధ్యా ఉన్నది వాట్సాపే.

అందుకే తోటి గైడ్లకు ఒక మాట. చాప్టర్ వచ్చేదాకా కూర్చోకండి. ఏమీ పంపనివాళ్లకే నేను ముందు ఫోన్ చేస్తాను. "ఎక్కడ ఆగింది?" అదొక్కటే అడుగుతాను. చాలాసార్లు ఆగింది ఒక చిన్న అనుమానం దగ్గర. పది నిమిషాల్లో తేలిపోతుంది.

చేరబోయేవాళ్లకు ఇంకో మాట. ఫీజు ఎంతో అడిగే ముందు, ఆ గైడ్ దగ్గర ఎంతమంది చేరారో, ఎంతమంది పట్టా పుచ్చుకున్నారో అడగండి. జవాబు చెప్పడానికి నసిగే చోట డబ్బు కట్టకండి.