ఈపీ కాగితంలో ఐక్యరాజ్యసమితి

నారాయణఖేడ్‌లోనైనా మరెక్కడైనా అప్పు దావా గెలిచినవాడు, డబ్బు చేతికి రాకపోతే ఈపీ, అంటే డిక్రీ అమలు పిటిషన్, వేస్తాడు. బాకీదారును సివిల్ జైలుకు పంపమంటాడు. చెరకు నరకడానికి వలసపోయి వచ్చిన మనిషికి ఆ నోటీసు అందితే గుండె జారిపోతుంది. అతని వకీలు చేయాల్సింది ఒక్కటే: ఎగవేత వేరు, లేమి వేరు అని చూపడం.

డిక్రీ తర్వాత ఎప్పుడైనా చేతిలో డబ్బు ఆడి కూడా కట్టకపోతే చాలు, జైలుకు పంపొచ్చన్నట్టుంది సివిల్ ప్రొసీజర్ కోడ్ 51వ సెక్షన్. ఒప్పందం ప్రకారం చెల్లించలేకపోయాడన్న ఒక్క కారణంతో ఎవరినీ ఖైదు చేయరాదంటుంది ఐక్యరాజ్యసమితి పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడిక, 11వ అధికరణం. భారత్ 1979లో అందులో చేరింది. చేరినంత మాత్రాన అది మన కోర్టుల్లో చట్టమైపోదు. 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ మాట ఒప్పుకుంటూనే, 51వ సెక్షన్‌ను ఒడంబడిక వెలుగులో, రాజ్యాంగం 21వ అధికరణంతో కలిపి చదివారు. దురుద్దేశం ఉండాలి, బాకీదారు ఇతర అవసరాలూ చూడాలి అన్నారు. సెక్షన్‌లో ఒక్క అక్షరం మారలేదు.

ఈ కాలమిస్టుకు వకీలు విద్యలో నచ్చేది ఇదే. ఐక్యరాజ్యసమితి పేరు చెప్పి జడ్జిని అదరగొట్టడం కాదు, మన చట్టంలోనే ఆ మాట దూరే సందు చూపించడం. చట్టం సూటిగా అడ్డం చెబితే మాత్రం ఈ విద్య పారదు.

శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఆముదంతో రసాయనాలు తీసే ఫ్యాక్టరీ విషయంలోనూ ఈ విద్యే పారింది. ఆ స్థలం హైదరాబాద్ తాగునీటి జంట జలాశయాలకు పది కిలోమీటర్ల లోపలే ఉంది. అక్కడ అక్కరకొచ్చిన ముందుజాగ్రత్త సూత్రం 1992 రియో ప్రకటనలోది. అది దేశాలను కట్టిపడేసే ఒప్పందం కూడా కాదు. 1996లో వెల్లూరు తోళ్ల పరిశ్రమల కేసులో సుప్రీంకోర్టు దాన్ని దేశ చట్టంలో భాగమంది. 1999లో జస్టిస్ ఎం. జగన్నాథరావు దాన్ని పెద్దషాపూర్‌కు తెచ్చారు: హాని లేదని రుజువు చేయాల్సింది పరిశ్రమే. 2000 డిసెంబరులో, పది కిలోమీటర్ల నిషేధం నుంచి ఆ ఫ్యాక్టరీకి ప్రభుత్వమిచ్చిన మినహాయింపు చెల్లదని తేల్చారు.

ఈపీ నోటీసు వస్తే మాత్రం దాక్కోవద్దు. పేషీకి పోకపోతే అరెస్టు వారెంటు రావచ్చు. పోయి భూమి ఎంత, కూలి ఎంత, మిగతా అప్పులెన్ని అన్నది కాగితాలతో సహా జడ్జి ముందు పెట్టండి.