మెహర్ కన్యాశుల్కం కాదు

కాడుగోడిలో మా దగ్గర అనువాదం నేర్చుకొంటున్న ఒక విద్యార్థిని 'మెహర్'ను 'కన్యాశుల్కం' అని రాసింది. తప్పంతా ఆమెది కాదు. అచ్చయిన రాతల్లోనూ ఈ తెలుగుసేత కనబడుతుంది. గురజాడ నాటకంలో శుల్కం పుచ్చుకొనేది పిల్ల తండ్రి. మెహర్ మాత్రం పెళ్లికూతురి సొంతం. చెల్లించకుండా భర్త చనిపోతే, అతని ఆస్తిలోంచి అప్పుగా రాబట్టుకోవచ్చు. ఒక్క మాట తేడాతో హక్కుదారు కాస్తా సరుకైపోయింది.

'మనోవర్తి' సంగతి ఇంకా చిక్కు. ఇందులో మనసు లేదు. మనుగడలోని 'మను' ఉంది. పక్కనే కన్నడిగులు 'జీవనాంశ' అంటారు. రెండూ బతుకుతెరువును చెప్పేవే, మంచి మాటలే. అయితే ఇద్దత్ గడువులో ఇచ్చేదానికీ, ఆ తరువాత నెలనెలా ఇచ్చేదానికీ ఇదొక్క మాటే వాడితే అసలు తగవే కనబడదు. 1985లో షాబానో తీర్పు, 1986 చట్టం, 2001లో డానియల్ లతీఫీ తీర్పు, అన్నీ తిరిగింది ఆ గడువు చుట్టూనే. 2024 జూలై 10న, తెలంగాణ నుంచి వెళ్లిన కేసులో, 1986 చట్టం ఉన్నా విడాకులైన ముస్లిం స్త్రీ పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద మనోవర్తి అడగవచ్చునని సుప్రీంకోర్టు తేల్చింది. అక్కడ తగవు నెలకు పదివేల రూపాయల మీద.

మెహర్, ఇద్దత్ అన్న మాటలను అలాగే ఉంచి, పక్కన ఒక వాక్యంలో వివరించమంటాను. కడప ముస్లిం ఇళ్లలో అవి ఎప్పుడో తెలుగు మాటలైపోయాయి.