‘ఫ్రీ’ అనే మాట ఖరీదు

ఇంగ్లీషు రాదనుకునే వాళ్ల నోట కూడా రోజుకు పదిసార్లు దొర్లే మాట ‘ఫ్రీ’. ఫ్రీ దర్శనం, ఫ్రీ బస్సు, ‘సాయంత్రం ఫ్రీగా ఉండావా’, ‘మనిషి శానా ఫ్రీ’ అని మా తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో అందరూ అనేదే. వెల లేకపోవడం, పని లేకపోవడం, అడ్డు లేకపోవడం - ఈ మూడూ ఆ ఒక్క మాటలోనే ఇమిడిపోతాయి. తెలుగులో వీటికి ఉచితం, తీరిక, స్వేచ్ఛ అని వేర్వేరు మాటలున్నాయి. మూడింటినీ కలిపేస్తే వాడుకకు సులువే. కానీ అదే మాటను స్త్రీల గురించి వాడినప్పుడు మూడు అర్థాలూ ఎందుకు వంకర తిరుగుతాయన్నది ఆలోచించవలసిన విషయం.

స్వేచ్ఛతోనే మొదలుపెడదాం. ‘మనిషి శానా ఫ్రీ’ అని మగవాడి గురించి అంటే కలుపుగోలువాడు, గర్వం లేనివాడు అని అర్థం. ‘ఆమె అందరితో ఫ్రీగా ఉంటుంది’ అంటే మాత్రం వినేవాళ్ల కనుబొమలు పైకి లేస్తాయి. పరిశోధన చేసే రోజుల్లో ఈ వాక్యాన్ని చాలాసార్లు విన్నాను. అందులో ఒక్క తప్పుమాటా లేదు, నింద మాత్రం ఉంది. అన్నవాళ్లను నిలదీస్తే ‘నేనేమన్నాను, ఫ్రీ అనే కదా’ అని తప్పించుకోవచ్చు. ఓల్గా 1987లో తన నవలకు ‘స్వేచ్ఛ’ అని సూటిగా పేరు పెట్టారు. పెళ్లి చేసుకుంటే పుట్టింట్లో లేని స్వేచ్ఛ దొరుకుతుందనుకున్న అరుణ ద్వారా, అసలు స్వేచ్ఛ అంటే ఏమిటన్న ప్రశ్నను మన ముందుంచారు. ‘ఫ్రీ’ అన్న మాటలో ఆ ప్రశ్నకు చోటు లేదు. స్త్రీ విషయంలో అది స్వేచ్ఛను నడతలో లోపంగా కుదించేస్తుంది.

ఇక తీరిక. డాక్టరేట్ చేతికొచ్చి ఉద్యోగం కోసం చూస్తున్న కాలంలో చిత్తూరు వైపు బంధువులు ఎవరు కలిసినా ‘సదువైపాయ గదా పాపా, ఇంగ ఫ్రీనే గదా’ అనేవాళ్లు. ఆ మాట వెనకే పని వచ్చేది. పిల్లలకు లెక్కలు చెప్పాలి, పెద్దవాళ్లకు తోడుగా ఆస్పత్రికి వెళ్లాలి, పెళ్లిపత్రికలో తప్పులు దిద్దాలి. నాలాగే ఉద్యోగం లేని మగ పరిశోధకుణ్ణి ఎవరూ ఫ్రీ అనలేదు, ‘ప్రిపేర్ అవుతా ఉండాడు’ అన్నారు. 2024 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపనిలో పాల్గొన్న స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు దానికి వెచ్చించారు. ఆ పని ముట్టుకోని మగవాళ్లు ఈ సగటులోకి రానే రారు. అంటే రోజుకు దాదాపు అయిదు గంటలు చాకిరీ చేసే మనిషిని ‘ఇంట్లో ఫ్రీగానే ఉంటుంది’ అంటున్నాం. పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథలో గృహిణి అలికి అలికి తన పేరే మరిచిపోతుంది. ఆమె చేసేది పనిగా లెక్కకు వచ్చి ఉంటే ఆ పనితోపాటు ఆమె పేరూ నిలిచేదేమో!

చివరగా ఉచితం. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న ‘స్త్రీ శక్తి’ పథకం మొదలైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు టికెట్ డబ్బులు లేవు. గుర్తింపు కార్డు చూపితే కండక్టర్ సున్నా టికెట్ ఇస్తాడు. ఆ వెంటనే పరిహాసాలూ మొదలయ్యాయి: ‘ఫ్రీ అని ఊరికే తిరుగుతా ఉండారు’. ఇక్కడ తప్పు ఇంగ్లీషు మాటది ఒక్కదానిదే కాదు. మన ‘ఊరికే’ కూడా అంతే. ఊరికే ఇచ్చారంటే డబ్బు తీసుకోకుండా, ఊరికే తిరుగుతోందంటే పనీపాటా లేకుండా. మొదటి అర్థం నుంచి రెండోదానికి జారడం ఎంత తేలికో చూడండి. 2004లో వ్యవసాయ మోటార్లకు ఉచిత కరెంటు వచ్చింది. ఖర్చు గురించి వాదనలు జరిగాయి గానీ, రైతు నడతను ఎవరూ శంకించలేదు. తిరుపతిలో ఇళ్లపనికి పొద్దున్నే పల్లె నుంచి బస్సెక్కే ఆమె మాత్రం తను ఊరికే తిరగడం లేదని రుజువు చేసుకోవాలి. ఒకవేళ ఊరికే తిరిగితే మాత్రమేం? పని లేకుండా ఊరు చూసి వచ్చే హక్కు మగవాడికి ఎవరిచ్చారు?

ఉచితాన్ని గౌరవంగా పిలవడం మనకు చేతకాక కాదు. తిరుమలలో 1985లో మొదలైన నిత్యాన్నదానంలో భోజనం చేసేవాళ్లెవరినీ తేరగా తింటున్నారని అనరు. దాన్ని అన్నప్రసాదం అంటారు. దాతల విరాళాలతో నడుస్తుందని అందరికీ తెలుసు. ఆ భవనానికి ఉన్నది ఒక కవయిత్రి పేరు. భర్త పోయాక జుట్టు తీయించుకోమంటే ఒప్పుకోని తరిగొండ వెంగమాంబ పేరు. ఆ కాలపు లోకం ఆమెను ‘ఫ్రీ’ అనలేదు గానీ, అలాంటి అర్థమున్న మాటలు ఎన్ని అని ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇంగ్లీషు ‘ఫ్రీ’కి, ‘ఫ్రెండ్’కి, సంస్కృత ‘ప్రియ’కు మూలం ఒకటేనని భాషాచరిత్రకారులు చెబుతారు. బానిసలు కాకుండా, ఇంటికి ప్రియమైన సొంతమనుషులెవరో వాళ్లే ఫ్రీ. ఆ లెక్కన ఇంట్లో ఫ్రీ ఎవరు, వెట్టి ఎవరిది అని అడగక తప్పదు. స్త్రీ పొందేదానికి ‘ఫ్రీ’ అని పెద్దక్షరాలతో పేరు పెట్టిన సమాజం, ఆమె ఇచ్చేదానికి ఆ పేరు కూడా పెట్టలేదు. మన కథల్లో, వ్యాసాల్లో ఈ మాట దొర్లినచోట ఒక్క క్షణం ఆగి, అది ఉచితమా, తీరికా, స్వేచ్ఛా అని తేల్చి రాద్దాం. ఉచితమైతే ఖర్చు ఎవరిదో, తీరికైతే ఆ పని ఎవరు చేస్తున్నారో కూడా రాద్దాం. స్వేచ్ఛ అయితే ఆ మాటనే పూర్తిగా రాద్దాం.